అర్థం అడగని ఆట

మధ్యాహ్నం రెండున్నరకు ఓపెన్‌కాస్ట్ గనిలో సైరన్ మోగుతుంది. కాసేపటికి, భూమి కింద ఎవరో వంద బస్తాలు ఒక్కసారే జారవిడిచినట్టు ఒక దెబ్బ. ఇంటి రేకులు గడగడమంటాయి. స్టాండులో గ్లాసులు ఒకదాన్నొకటి తట్టుకుంటాయి. మణుగూరు వచ్చిన కొత్తలో ఆ దెబ్బకు చాంది బిడ్డను చంకన వేసుకొని బయటికి ఉరికేది. గోడవతల క్వార్టర్‌లో ఉండే సమ్మక్క పకపకా నవ్వేది. "ఓ చాందీ, పేలేది బొగ్గే, నీ ఇల్లు కాదు!" అనేది. అది నాలుగేండ్ల కింది మాట. ఇప్పుడు దెబ్బ పడినా చాంది ఫోన్ మీద నుంచి కండ్లెత్తదు.

ఫోన్‌లో ఆరు ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా కూర్చొని ఉంటాయి. పైన ఖాళీ గళ్ళు. వేలితో అక్షరాలను కలుపుతూ గీత గీయాలి. అది నిజంగా ఇంగ్లీషు మాటే అయితే టింగుమని ఎగిరిపోయి గళ్ళలో కూర్చుంటుంది. కాకపోతే అక్షరాలన్నీ తల అడ్డంగా ఊపినట్టు ఓసారి అటూ ఇటూ కదిలి ఊరుకుంటాయి. తిట్టదు, నవ్వదు. ఆ మాటకు అర్థమేందని అడగదు. చాందికి ఈ ఆటలో నచ్చిందే అది.

ఎందుకంటే ఆమెకు అర్థాలు తెలియవు. ఎనిమిది నెలల్లో తొమ్మిది వందల లెవల్స్ దాటింది. ఏ అక్షరాలిచ్చినా ముప్పై నలభై మాటలు అవలీలగా లాగుతుంది. వాటిలో ఏ పదికో పదిహేనుకో తప్ప మిగతా వాటికి అర్థం తెలియదు, ఎట్లా పలుకుతారో కూడా తెలియదు. మనసులో వాటిని అక్షరాలుగానే చదువుకుంటుంది. కొన్నిటికి తోకలుంటాయి. చివర ఎస్ తగిలిస్తే ఒక మాట రెండవుతుంది. ఇ-డి తోక, ఇ-ఆర్ తోక, ఐ-ఎన్-జి తోక. ఏ తోక దేనికి అతుకుతుందో చేతికి తెలిసిపోయింది. ఏన్కూరు అవతల వాళ్ళ లంబాడీ తండాలో ఎండాకాలం బీడీల తునికాకు తెంపబోయినప్పుడూ అంతే. చెట్టు దగ్గర నిలబడితే చాలు, కట్టకు పనికొచ్చే ఆకు దానంతట అదే చేతికొచ్చేది. ఎందుకది, ఎందుకు పక్కది కాదు అంటే చెప్పలేదు.

ఆ తునికాకు దగ్గరే ఆమె చదువు ఆగింది. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికొచ్చిన వేసవిలో తల్లి గోరికి నడుము పట్టేసింది. తమ్ముళ్ళిద్దరూ చిన్నోళ్ళు, ఆకు పని చాంది మీద పడింది. జూన్‌లో బడి తెరిచారు, చాంది పెట్టె మాత్రం సర్దుకోలేదు. ఎవరూ మానెయ్యమనలేదు, పొమ్మని కూడా అనలేదు.

పెండ్లయ్యాక భర్త బాలకృష్ణ గనిలో కాంట్రాక్టు డంపర్ డ్రైవర్‌గా కుదిరాడు. గనిలో పర్మినెంటు ఉద్యోగి ఎల్లస్వామి, అతని భార్య సమ్మక్కల క్వార్టర్ వెనకాల రేకుల రూము కిరాయికి తీసుకున్నారు. బాలకృష్ణకు పన్నెండు గంటల డ్యూటీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇంటికొస్తే తిని పడుకుంటాడు, లేస్తే తిని పోతాడు. మంచివాడే, కానీ మంచివాడు మేలుకొని ఉండేది తక్కువ. సమ్మక్క మంచిదే గానీ ఆమె మాటలన్నీ పర్మినెంటోళ్ళ మాటలు: ప్రమోషన్లు, యూనియన్ ఎన్నికలు, ఏ క్వార్టర్‌కు ఏసీ పెట్టించారన్నది. తండాకు పోవాలంటే రెండు బస్సులు, ఒక ఆటో. ఫోన్ చేస్తే తల్లి గోరికి సిగ్నల్ దొరకదు, దొరికితే వినపడదు. పొద్దున పిల్ల బడి ఆటో ఎక్కినప్పటి నుంచి సాయంత్రం దిగేదాకా చాంది నోరు తెరిచేది పాలాయనతో ఒకసారి, సమ్మక్కతో రెండుసార్లు.

ఆ పిల్ల కూడా మారింది. మనోజ్ఞకు ఏడేండ్లు. ప్రైవేటు స్కూల్‌లో రెండో తరగతి. తండా మాటలో ఏదన్నా అడిగితే, "మమ్మీ, తెలుగుల మాట్లాడు" అని ముఖం ముడుచుకుంటుంది. పోయిన జూలైలో పేరెంట్స్ మీటింగ్ ముందురోజు పౌడర్ డబ్బా మూత తిప్పుకుంటూ, "నాన్నను పంపు మమ్మీ, నువ్వు రాకు. హర్షిత వాళ్ళ మమ్మీ ఇంగ్లీషుల మాట్లాడ్తది" అన్నది. చాంది, "నాకు కూడ పనుంది లే" అన్నది. ఆ మర్నాడే ఫోన్‌లోకి ఈ ఆట దింపుకున్నది.

నేర్చుకుందామనే మొదలుపెట్టింది. నేర్చుకున్నది వేరొకటి.

దసరా తర్వాత ఓ రోజు స్కూల్ నుంచి హోంవర్క్ వచ్చింది. ఆరు అక్షరాలిచ్చి ఎన్ని మాటలు వస్తే అన్ని రాసుకురమ్మన్నారు. మనోజ్ఞ నాలుగు రాసి పెన్సిల్ కొరుకుతూ కూర్చున్నది. చాంది పక్కన ఉల్లిగడ్డ కోస్తూ ఒక్కసారి పుస్తకంలోకి చూసింది. "ఎస్-టి-ఓ-ఎన్-ఇ రాయి. ఎన్-ఓ-టి-ఇ-ఎస్ రాయి. అదే తిప్పి టి-ఓ-ఎన్-ఇ-ఎస్" అన్నది. పిల్ల నోరు తెరిచింది. పద్దెనిమిది రాశారు. మర్నాడు పుస్తకం మీద రెండు స్టార్లు. మనోజ్ఞ ఆటో దిగి పరుగెత్తుకొచ్చి నడుము పట్టుకొని, "మమ్మీ, నీకు ఇంగ్లీషు మొత్తం వస్తదా?" అని అడిగింది.

రాదు బిడ్డా అని చాంది అనాల్సింది. నడుము చుట్టూ ఆ చేతులు అట్లాగే ఉన్నాయి. "పో, కాళ్ళు కడుక్కో" అన్నది.

అప్పటి నుంచి తప్పించుకోవడమే. "మమ్మీ, టోన్స్ అంటే ఏంది?" అంటే, "మీ మేడంను అడుగు, అన్నీ నేనే చెప్తే నువ్వేం నేర్చుకుంటవ్." "మమ్మీ, ఇది చదువు." "పొయ్యి మీద పాలున్నయ్." పాలు లేకపోయినా పొయ్యి దగ్గరికి పోయి నిలబడేది.

ఫిబ్రవరి చివర, ఒక మంగళవారం, మనోజ్ఞ బ్యాగు విసిరేసి చెప్పింది. "శనివారం మమ్మీలకు కాంపిటీషన్. మమ్మీ, పాప ఒక టీం. అక్షరాలిస్తరు, మాటలు రాయాలె. నేను మన పేరు ఇచ్చిన."

"ఎవరినడిగి ఇచ్చినవే?"

"సునంద మేడం ఎవరెవరి మమ్మీలు వస్తరని అడిగింది. నేను చెయ్యెత్తిన. మా మమ్మీకి అన్ని ఇంగ్లీషు మాటలు వస్తయి అని చెప్పిన. హర్షిత, అబద్ధం అన్నది. వచ్చి చూడు అన్న."

చాంది చేతిలోని గిన్నె కింద పెట్టింది. "అర్థాలు అడుగుతరా?"

"ఏమో. ఎందుకు? నీకు తెల్సు కద?"

ఆ రాత్రి అన్నం సహించలేదు. బాలకృష్ణకు ఆ వారం నైట్ డ్యూటీ. పొద్దున ఏడింటికి ముక్కుపుటాల దాకా దుమ్ముతో వచ్చి, స్నానం చేసి పళ్ళెం ముందు కూర్చున్నాడు. ఈ అర్థాల సంగతి తెలిసింది అతనొక్కడికే. చాంది తండా మాటలో చెప్పుకొచ్చింది. అతను రొట్టె విరుస్తూ నవ్వాడు.

"పో, ఏమైతది? నేను రోజూ అంత పెద్ద డంపర్ నడుపుతున్న, దాని ఇంజను లోపల ఏమున్నదో నాకెరుకనా? గేరు పడ్డదా, బండి కదిలిందా, అంతే."

"నీ డంపర్ నిన్ను మమ్మీ అని పిలుస్తదా?"

బాలకృష్ణ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఏమన్నా చెప్తాడేమోనని చూసింది. "జ్వరమొచ్చిందని చెప్పు మరి" అన్నాడు. పది నిమిషాల్లో గురక.

బుధవారం, గురువారం కూర్చొని అర్థాలు చూద్దామనుకున్నది. పాత నోటుబుక్కులో మాటలు రాసుకున్నది, ఫోన్‌లో ఒక్కోటీ కొట్టి తెలుగు అర్థం చూసింది. ఆ తెలుగు కూడా తనకు తెలిసిన తెలుగు కాదు. ఒక మాటకు 'ఆక్రోశము' అని వచ్చింది, ఇంకోదానికి 'విస్తృతి'. ఒకదానికైతే తొమ్మిది అర్థాలు. నలభై మాటలు చూసేసరికి మొదటివి మరిచిపోయింది. ఆటలో చూసినవి ఇంకా రెండు వేల పైన ఉన్నాయి. సమ్మక్క గోడ మీద నుంచి తొంగిచూసింది. "ఏందే, కలెక్టర్ పరీక్ష రాస్తున్నవా?" అన్నది.

"ఊకెనే అక్కా."

"ఊకెనే ఎవరన్న రాస్తరా? మా ఆయనైతే సంతకం కూడ ఊకెనే పెట్టడు" అని సమ్మక్క నవ్వుకుంటూ లోపలికి పోయింది. అక్కా ఒక్క నిమిషం ఆగు అందామనుకున్నది చాంది. మళ్ళీ నోటుబుక్కు మీదికి వంగింది.

శనివారం జ్వరం రాలేదు. వస్తుందేమోనని పొద్దున నుదురు రెండుసార్లు తడిమి చూసుకున్నది.

స్కూల్ హాల్‌లో పన్నెండు టీములు. తల్లులంతా నేల మీద జంపఖానా పరుచుకొని పిల్లలతో కూర్చున్నారు. సునంద మేడం సన్నగా, చురుగ్గా ఉంటుంది. మెడలో తాళాలు, చేతిలో ఎర్ర పెన్ను. బోర్డు మీద ఏడు అక్షరాలు రాసింది. జి, ఎ, ఆర్, డి, ఇ, ఎన్, ఎస్. "పదిహేను నిమిషాలు. ఎన్ని మాటలు ఎక్కువ రాస్తే వాళ్ళు ఫస్ట్. ఫోన్లు బ్యాగుల పెట్టుండ్రి" అన్నది.

అర్థాల ఊసెత్తలేదు. చాంది గుండె మీది బరువు కొంచెం దిగింది.

బోర్డు వైపు చూసింది. అక్షరాలు తమంతట తామే గుండ్రంగా తిరిగి కూర్చున్నాయి. హాలు లేదు, తల్లులు లేరు. మనోజ్ఞ చెవి దగ్గరికి వంగి చెప్పసాగింది. "జి-ఇ-ఎ-ఆర్. ఆర్-ఇ-ఎ-డి. ఎస్-ఎన్-ఎ-జి. ఇప్పుడు పెద్దవి, డి-ఎ-ఎన్-జి-ఇ-ఆర్. దానికి తోక పెట్టు." పిల్ల నాలుక బయటపెట్టి గబగబా రాస్తున్నది. జుట్టులో కొబ్బరినూనె వాసన. ఇంత దగ్గరగా ఇద్దరూ కూర్చొని ఎన్నాళ్ళయిందో. పక్క టీములో హర్షిత వాళ్ళ మమ్మీ వేళ్ళు మడిచి లెక్కపెడుతూ, "గార్డెన్ రాసినవా? సాండ్ రాయి, సాండ్" అంటున్నది.

బెల్లు కొట్టేసరికి మనోజ్ఞ నలభై ఒకటి రాసింది.

సునంద మేడం ఒక్కో కాగితం తీసుకొని లెక్కపెట్టింది. హర్షిత వాళ్ళవి ఇరవై నాలుగు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మనోజ్ఞ కాగితం. మేడం కనుబొమలు పైకి లేచాయి. చూస్తూ చూస్తూ ఒకచోట ఎర్ర పెన్నుతో కొట్టేసింది. ఇంకోచోట. ఇంకోటి.

ఆ ఎర్ర గీత పడ్డప్పుడల్లా చాంది కొంచెం ముందుకు జరిగింది. కొట్టేసిన ఆ మాటలు ఉన్నాయి. అవి టింగుమని ఎగిరిపోయి గళ్ళలో కూర్చోవడం తను ఎన్నోసార్లు చూసింది. ఎనిమిది నెలలుగా పగలంతా తనతో ఉన్నవి అవే. లేవని ఎట్లా అంటారు?

"మేడం" అన్నది. "అది ఉన్నది మేడం."

హాలంతా అటు తిరిగింది. మేడం నవ్వింది. "లేదమ్మా, ఇది డేంజర్స్. డి ముందు రావాలె, మీ పాప తొందరల జి ముందు రాసింది."

"డేంజర్స్ పైన రాసినం మేడం. ఇది వేరే. జి-ఎ-ఎన్-డి-ఇ-ఆర్-ఎస్."

అన్నాక తెలిసింది ఏం చేసిందో. ఇప్పుడు అడుగుతుంది, అయితే మీనింగ్ చెప్పండి అని. చాంది చీర కొంగు వేలికి చుట్టుకున్నది. మేడం ఇంకేమీ అడగకుండా ఫోన్ తీసి కొట్టి చూసింది. చూసి పెద్దగా నవ్వింది. "గాండర్స్! మగ బాతులంట! చూసిన్రా, నాకే తెల్వదు!" హాలంతా గొల్లుమన్నది, చప్పట్లు. మిగతా కొట్టేసినవి కూడా చూసింది. అన్నీ ఉన్నాయి. మనోజ్ఞ లేచి నిలబడి హర్షిత వైపు చూసి గడ్డం పైకెత్తింది.

ఫస్ట్ ప్రైజ్ ఒక నీలం రంగు టిఫిన్ డబ్బా. ఫోటో తీశారు. అందరూ పోతుంటే సునంద మేడం వరండాలో చాందిని ఆపింది. మనోజ్ఞ ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో తల్లి చెయ్యి పట్టుకొని ఉంది.

"మనోజ్ఞ మదర్, మీరింత టాలెంట్ పెట్టుకొని ఇంట్ల ఏం చేస్తున్నరు? ఫస్ట్ క్లాసు రీడింగ్ చూసే మేడం మూడు నెలలు డెలివరీ సెలవుల పోతున్నది. మీరొస్తరా? పెద్ద జీతమేం ఉండదు లే. తొమ్మిదిన్నరకు రావాలె, మూడింటికి పోవచ్చు. మధ్యాహ్నం అందరం స్టాఫ్‌రూంల కలిసి తింటం."

చాందికి ముందు కనిపించింది పాఠం కాదు, ఆ స్టాఫ్‌రూం బల్ల. నాలుగైదు డబ్బాల మూతలు తెరిచి ఉన్నాయి. ఎవరో 'ఏం కూర తెచ్చినవ్?' అంటున్నారు. ఎవరో తన డబ్బాలోంచి అడగకుండానే ముక్క తీసుకుంటున్నారు. తొమ్మిదిన్నర నుంచి మూడు దాకా. సైరన్ వేళకు చుట్టూ మనుషులు.

"వస్తది మేడం!" అన్నది మనోజ్ఞ. "మా మమ్మీ వస్తది!"

పిల్ల ముఖం వెలిగిపోతున్నది. ఆ ముఖంలోకి చూస్తూనే చాంది, వచ్చే సోమవారం ముప్పై మంది పిల్లల ముందు పుస్తకం పట్టుకొని నిలబడ్డ తనను చూసుకున్నది. ఒక చిన్నది వేలు పెట్టి, మేడం ఇదేంది అంటుంది. పొయ్యి ఉండదక్కడ, పాలు ఉండవు. ఆ ముప్పై మందిలో ఒక్కరన్నా రెండో తరగతికి పోయి, మనోజ్ఞ వాళ్ళ మమ్మీకి ఏమీ రాదని చెప్తారు.

"నాకు అర్థాలు తెల్వయ్ మేడం" అన్నది.

"ఏ అర్థాలు?"

"ఆ మాటలయి. నేను ఎనిమిది దాకనే చదివిన, తెలుగు మీడియం. ఫోన్ల ఆట ఉంటది మేడం. ఏ అక్షరం పక్కన ఏది కూసుంటదో దాంట్ల నేర్చుకున్న, అంతే."

సునంద మేడం ముందు నవ్వింది, హాస్యమనుకున్నది. "ఊకోండి. మరి గాండర్స్ అని అంత గట్టిగ కొట్లాడిన్రు?"

"మీరు చదివినంకనే దాన్ని ఎట్ల పలుకుతరో తెలిసింది మేడం."

మేడం నవ్వు ఆగిపోయింది. చాంది ముఖం చూసింది, పాప ముఖం చూసింది. మెడలో తాళాలు ఒకసారి సర్దుకున్నది. "భలే ఉన్నరమ్మా మీరు" అన్నది మెల్లగా. "రీడింగ్ అంటే మరి... పిల్లలు అడుగుతరు కద."

"అవ్ మేడం."

"ప్రైజ్ మీదే. రూల్ ప్రకారమే గెలిచిన్రు. అప్పుడప్పుడు వస్తుండండి."

"సరే మేడం" అన్నది చాంది. అప్పుడప్పుడు అంటే ఎప్పుడూ కాదని ఆమెకు తెలుసు.

మనోజ్ఞ చెయ్యి ఎప్పుడు వదిలిందో తెలియలేదు. గేటు దాకా పిల్ల ముందు నడిచింది, తల్లి వెనక నడిచింది. ఆటో వెనక సీటులో ఇద్దరే. రోడ్డు పక్క మోదుగులు ఎర్రగా పూశాయి, కింది కొమ్మల పూల మీద బొగ్గు లారీల దుమ్ము. టార్పాలిన్ కట్టిన లారీ ఒకటి ముందు పోతుంటే ఆటో దాని వెనకే నెమ్మదిగా పోతున్నది. పిల్ల బయటికి చూస్తున్నది. డబ్బా ఒళ్ళో ఉంది.

చాలా దూరం పోయాక అడిగింది. "అబద్ధం చెప్పినవా నాకు?"

"చెప్పలే. నువ్వు అడిగినప్పుడు ఊకున్న."

"అదే అది."

చాంది పిల్ల ఒళ్ళోంచి జారుతున్న డబ్బాను సర్దింది.

"ఇవాళ రాసిన వాటిల నీకు ఎన్ని తెల్సు?"

"పదిహేను తెల్సు."

"నాకు ఇరవై తెల్సు" అన్నది మనోజ్ఞ. తర్వాత, "గాండర్స్ తోని ఇరవై ఒకటి."

"నాకు కూడ దాంతోని పదహారు" అన్నది చాంది, నవ్వుతుందేమోనని. పిల్ల నవ్వలేదు. డబ్బా మూత గట్టిగా నొక్కి తెరిచింది, మూసింది.

"మేడం ఎవరికన్న చెప్తదా?"

"చెప్పదు. ఎందుకు చెప్తది."

"హర్షితకు నువ్వు చెప్పకు. వాళ్ళ మమ్మీకి గూడ."

"చెప్ప."

"నేను గూడ చెప్ప" అన్నది మనోజ్ఞ.

లారీ పక్కకు తప్పుకున్నది. ఆటో ముందుకు దూకింది. గుంతకు ఇద్దరి భుజాలూ తగిలాయి. పిల్ల సర్దుకొని కూర్చున్నది, దూరంగా జరగలేదు, దగ్గరికి రాలేదు. దసరా నుంచి తను దాచుకున్నది ఇప్పుడు ఈ ఏడేండ్ల పిల్ల కూడా దాచాలి. సోమవారం బడిలో హర్షిత అడిగితే ఈ నోరు ఏం చెప్తుందో, ఎంత సేపు ఊకుంటుందో.

"ఆకలైతుందా?" అని అడిగింది చాంది.

అవునని తల ఊపింది మనోజ్ఞ, ఇటు తిరగలేదు.